సహనం బలహీనతా? శరీరం ఇచ్చే సాక్ష్యం

సమాజాన్ని శరీరంతో పోల్చడం చాలా పాత అలవాటు. ఋగ్వేదం పదవ మండలంలోని పురుషసూక్తం నాలుగు వర్ణాలను ఒకే పురుషుని అవయవాలతో ముడిపెట్టింది. రోములో సామాన్య ప్రజలు పెద్దలమీద అలిగి నగరం విడిచి వెళ్ళిపోయినప్పుడు, మెనేనియస్ అగ్రిప్పా అనే పెద్దమనిషి కడుపుమీద తిరగబడిన కాళ్ళూ చేతుల కథ చెప్పి వాళ్ళను వెనక్కు తెచ్చాడని చరిత్రకారుడు లివీ రాశాడు. రెండు చోట్లా పోలిక చేసిన పని ఒకటే: ఎవరు ఎక్కడున్నారో అక్కడే వుండడం ప్రకృతి ధర్మమని నమ్మించడం. 20వ శతాబ్దంలో ఈ పోలిక కొత్త వేషం కట్టింది. నాజీలు యూదులను జాతి శరీరంలో చేరిన క్రిములన్నారు. ఆ మాట మాటగానే ఆగిపోలేదని మనకు తెలుసు.

ఈనాటికీ ఎక్కడ పరాయివాడిమీద కోపం రేగినా ఈ వాదమే వినబడుతుంది: "తనది కానిదాన్ని బయటికి నెట్టలేని ఒళ్ళు బతికి బట్టకడుతుందా? సహనమన్నది రోగం ముదిరిన శరీరానికుండే లక్షణం." దీనికి మనం సాధారణంగా చెప్పే జవాబు, సమాజం శరీరం కాదని. అది సరైన జవాబే. కాని అంతటితో ఊరుకుంటే, శరీరం సంగతి మటుకు వాళ్ళు చెప్పినట్టే వున్నదని ఒప్పుకున్నట్టవుతుంది. ఉపమేయానికి పొసగదని కొట్టివేసే ముందు, అసలు ఉపమానం నిజమేనా అని విచారించడం సాహిత్య విద్యార్థికి కనీస బాధ్యత. ఈ వ్యాసంలో నేను చేయదలచినది ఆ విచారణే.

నేను జీవశాస్త్రం చదివినవాణ్ణి కాను, తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. ఈ విషయం వైపుకు నన్ను నడిపించినది ఒక ఇంటి సంగతి. మా అక్కయ్యకు నలభయ్యో ఏట చేతివేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున్నే లేచాక గంటసేపు పిడికిలి ముడవడానికి వచ్చేది కాదు. వైద్యుడు చూసి కీళ్ళవాతమన్నాడు. "ఇది బయటినుంచి వచ్చిన జబ్బు కాదమ్మా. మీ ఒంటి కాపలాయే మీ కీళ్ళమీద పడింది" అని వివరించాడు. ఆ సాయంకాలం అక్కయ్య నన్ను అడిగింది: "నా ఒళ్ళే నన్ను పరాయిదాన్ననుకుంటే, ఇంక నాది అన్నది ఏమిట్రా?" చూడవచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు ఆ ప్రశ్నకు తమ సమాధానం తాము చెప్పి వెళ్ళారు: ఏ జన్మలో చేసుకున్న పాపమో! నాకు అప్పటికి ఏ సమాధానమూ తెలియదు.

1

మొదట మాట సంగతి చూద్దాం. రోగనిరోధక శక్తికి ఇంగ్లీషులో వాడే ఇమ్యూనిటీ అనే పదం వైద్యులు పుట్టించినది కాదు. అది లాటిన్ న్యాయశాస్త్రంలోది. పన్నులనుంచీ, పౌరుడు మోయవలసిన బాధ్యతలనుంచీ మినహాయింపు పొందడమని దాని అర్థం. మన శాసనాల భాషలో చెప్పాలంటే సర్వమాన్యం. ఊరంతా శిస్తు కడుతుంటే కట్టనక్కరలేని భూమి మాన్యం. ఊరంతా మశూచితో మంచం పడితే పడని ఒళ్ళు కూడా అటువంటి మాన్యమేనని ఆ పదాన్ని తీసుకొన్నవారి ఊహ. అంటే ఈ శాస్త్రం తన పేరులోనే లోపలివాడు, వెలుపలివాడు అనే భేదాన్ని సమాజంనుంచి అరువు తెచ్చుకొన్నది. ఆ తరువాత సమాజం తిరిగి శాస్త్రంనుంచి ఆ భేదాన్ని "ప్రకృతి సిద్ధం" అని తెచ్చుకొన్నది. తాను ఇచ్చిన అప్పునే తాను ఆస్తిగా చూపించుకోవడమన్నమాట.

1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో మెచ్నికోఫ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు పారదర్శకమైన నక్షత్రచేప పిల్లలో సన్నని ముల్లు గుచ్చి మర్నాడు చూశాడు. ఒంట్లో తిరుగాడే కణాలు నడిచి వచ్చి ముల్లు చుట్టూ మూగివున్నాయి. గాయం వున్న చోటికి కణాలు ప్రయాణం చేస్తాయన్న ఈ పరిశీలనతో రక్షణ శాస్త్రంలో ఒక అధ్యాయం ప్రారంభమైంది. అయితే కొద్దికాలంలోనే ఈ కణాలను సైనికులనడం, శరీరాన్ని కోట అనడం రివాజైంది. మన పాఠ్యపుస్తకాలు నేటికీ తెల్లకణాలను రక్షకభటులనే చెబుతున్నాయి. 1901 ప్రాంతంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్లిక్, ప్రాణి తన ఒంటిని తానే విషంతో నాశనం చేసుకోకుండా ఏదో ఏర్పాటు వుండి తీరాలన్నాడు. అటువంటి ఆత్మనాశం అంటే ప్రకృతికే భయమన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఏర్పాటు వుండాలని ఆయన అన్నాడు. తరువాతివారిలో చాలామంది అది అసలు జరగనే జరగదని అర్థం చేసుకొన్నారు. 1904లోనే దానికి విరుద్ధమైన ఉదాహరణ బయటపడినా పట్టించుకొన్నవారు తక్కువ. 1956లో లండన్‌లోనూ, అమెరికాలోని బఫెలోలోనూ వేరువేరు పరిశోధకులు థైరాయిడ్ గ్రంథిమీద శరీర రక్షణే దాడి చేయగలదని చూపించాక గాని ఆ నమ్మకం చెదరలేదు. కంచే చేను మేయడం మన రైతుకు ఎప్పటినుంచో తెలుసు. శాస్త్రం దాన్ని ఒప్పుకోవడానికి అర్ధ శతాబ్దం పట్టింది. సైనికుడు స్వదేశంమీద ఎన్నడూ తిరగబడడన్నది ఉపమానం. ఉపమానమే ఇక్కడ కళ్ళకు గంతలు కట్టింది.

2

ఇక "తనది" అన్నది ఏమిటి? పుట్టుకతో ముద్రవేసి వుంచినదా? ఈ ప్రశ్నకు మొదటి జవాబు పశువుల కొట్టంనుంచి వచ్చింది. 1945లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రే ఓవెన్ కవల దూడల రక్తం పరీక్షించాడు. ఒకే కాన్పులో పుట్టినా, వేరువేరు అండాలనుంచి వచ్చిన దూడలవి. తల్లి కడుపులో వాటి రక్తనాళాలు కలిసిపోవడంచేత ఒకదాని రక్తకణాలు రెండవదానిలో చేరి, పెద్దయినాక కూడా అక్కడే వున్నాయి. పరాయి రక్తాన్ని ఆ పశువు ఎన్నడూ పరాయిదనుకోలేదు. 1949లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బర్నెట్, ఫెనర్ దీని ఆధారంగా, తనదేదో శరీరం పుట్టకముందు నేర్చుకొంటుందని ప్రతిపాదించారు. 1953లో ఇంగ్లండులో బిల్లింగ్‌హామ్, బ్రెంట్, మెడవార్ దాన్ని నిరూపించారు. ఒక జాతి ఎలుకల కణాలను ఇంకొక జాతి ఎలుక గర్భస్థ శిశువులో ప్రవేశపెట్టారు. ఆ పిల్ల పెరిగినాక మొదటి జాతి ఎలుక చర్మం అతికిస్తే స్వీకరించింది, మూడవ జాతి చర్మాన్ని నిరాకరించింది. 1960లో బర్నెట్‌కూ మెడవార్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది.

దీని తాత్త్విక ప్రాముఖ్యం చిన్నది కాదు. "నేను" అనేది రక్తంలో రాసిపెట్టి వున్న వస్తువు కాదు, అది పరిచయంనుంచి పుట్టినది. ఎవరితో కలిసి పెరిగామో వాళ్ళు మనలో భాగం. స్వ-పర భేదానికి ఒక చరిత్ర వున్నది. చరిత్ర వున్నదేదీ సనాతనం కాదు.

తల్లి సంగతి తీసికొంటే ఇది మరీ స్పష్టం. కడుపులోని బిడ్డ జన్యువులలో సగం తండ్రివి, అంటే తల్లి ఒంటికి పరాయివి. కోట సిద్ధాంతం ప్రకారం ఏ తల్లీ బిడ్డను కనలేదు. 1953లోనే మెడవార్ ఈ చిక్కును ఎత్తి చూపాడు. అప్పటినుంచి తెలిసినదేమంటే, గర్భధారణ కాలంలో తల్లి రక్షణవ్యవస్థ నిద్రపోదు. బిడ్డ విషయంలో తనను తాను అదుపులో పెట్టుకొంటుంది. బిడ్డ కణాలు కొన్ని కాన్పు తరువాత దశాబ్దాలపాటు తల్లి ఒంట్లో నిలిచి వుంటాయి. ఈ భూమిమీద బిడ్డను కన్న తల్లి శరీరాలలో "శుద్ధమైన స్వంతం" కోసం వెదకడం దండగ.

3

నేర్చుకొంటుందన్నాం. ఎక్కడ, ఎట్లా? ఎముక మూలుగలో పుట్టిన లేత కణాలు కొన్ని రక్తంలో ప్రయాణించి రొమ్ము ఎముక వెనుక వున్న థైమస్ గ్రంథిని చేరుతాయి. 1961 దాకా ఈ గ్రంథిని పనికిమాలిన అవశేషమనుకొనేవారు. ఆ ఏడు జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకలనుంచి దాన్ని తొలగించి, వాటి రక్షణశక్తి కుప్పకూలడం చూపించాడు. థైమస్ ఒక పాఠశాల. ఇక్కడ రెండు పరీక్షలుంటాయి. శరీరపు స్వంత గుర్తులను బొత్తిగా గుర్తించలేని కణం మొదటి పరీక్షలో పోతుంది. వాటిని మరీ గట్టిగా పట్టుకొనే కణం రెండవ పరీక్షలో పోతుంది. ఈ రెంటికీ మధ్యనున్నవే బయటికి వస్తాయి. ప్రవేశించినవాటిలో నూటికి 95కు పైగా అక్కడే నశిస్తాయి.

పాఠం చెప్పే తీరు కూడా విచిత్రమైనది. శరీరంలో ఎక్కడెక్కడో తయారయే పదార్థాలను థైమస్ కణాలు కొన్ని తామే కొద్దికొద్దిగా తయారుచేసి, బొమ్మల కొలువులాగా ప్రదర్శిస్తాయి. క్లోమంలో పుట్టే ఇన్సులిన్ ఇక్కడా కనబడుతుంది. లేత కణం ఒక్క చోటనే వుండి దేశమంతా చూస్తుందన్నమాట. ఈ కొలువు పేర్చడంలో ప్రధాన పాత్ర ఎయిర్ అనే జన్యువుది. అది చెడిపోయినవారిలో రక్షణకణాలు ఒకటి కాదు, అనేక గ్రంథులమీద పడతాయి. చూపించనివాటిని పరాయివి అనుకోవడం సహజమే కదా!

ఇంత జల్లెడ పట్టినా, తన ఒంటిమీద పడగలిగిన కణాలు కొన్ని జారి బయటికి వస్తూనే వుంటాయి. ఈ మాటను నొక్కి చెప్పాలి. ఆరోగ్యవంతుడికీ మా అక్కయ్యకూ భేదం, ఒకరిలో ఆ కణాలు వుండి ఇంకొకరిలో లేకపోవడం కాదు. ఇద్దరిలోనూ వుంటాయి. ఒకరిలో అదుపు నిలిచింది, ఇంకొకరిలో సడలింది. అయితే ఆ అదుపు ఎవరిది?

ఈ ప్రశ్నకు జవాబు ఆలస్యంగా వచ్చింది. 1995లో జపాన్ శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి, తక్కిన కణాలను వారించడమే పనిగా వున్న ఒక తెగ కణాలను వేరుచేసి చూపించాడు. అవి తీసివేసిన కణసమూహాన్ని రక్షణకణాలు లేని ఎలుకలోకి ఎక్కిస్తే, ఆ ఎలుకకు ఒకేసారి పలు అవయవాలలో వ్యాధి వచ్చింది. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, పుట్టిన కొద్ది వారాలకే పొలుసు చర్మంతో చనిపోయే ఒక జాతి మగ ఎలుకలలో చెడిపోయిన జన్యువును పట్టుకొన్నారు. అదే జన్యువు చెడి పుట్టిన మగశిశువులలో అటువంటి ఘోరమైన వ్యాధే వస్తుందని తేలింది. ఈ జన్యువే నియంత్రక కణాలను తయారుచేస్తుందని 2003లో స్పష్టపడింది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇక్కడ గమనించవలసిన విశేషం మరొకటి వుంది. థైమస్‌లో శరీరపు స్వంత గుర్తులను ఒక మోస్తరు గట్టిగానే పట్టుకొన్న కణాలలో కొన్నింటికి మరణశిక్షకు బదులు ఈ వారించే పని అప్పగించబడుతుంది. అంటే తనదాన్ని బాగా ఎరిగినవాడే దాన్ని కాపాడడానికి ఇతరుల చెయ్యి పట్టుకొంటాడు.

సంస్కృతంలో "సహ్" ధాతువుకు ఓర్చడమనే కాదు, జయించడమనీ అర్థం వుంది. "సహస్" అంటే బలం. దానినుంచే "సాహసం" పుట్టింది. సహనమూ సాహసమూ ఒక తల్లి బిడ్డలు. తెలుగులో ఓర్పు అనే మాటకు వ్యతిరేకంగా మనం వాడే "ఓర్వలేనితనం" శౌర్యానికి పేరు కాదు, అసూయకు పేరు. భాష ఎరిగి చెప్పినదో ఎరగక చెప్పినదో గాని, శరీరం మటుకు ఈ అర్థాన్నే సమర్థిస్తున్నది. సహనం శక్తి లేకపోవడం కాదు. శక్తి వున్నచోట, దానిమీద మరొక శక్తి నిరంతరం చేసే పని. ఆ పని ఆగిననాడు ఎలుక కొద్ది వారాలైనా బతకలేదు.

4

"అయితే సహనాన్ని నెత్తిన పెట్టుకోమంటారా?" అని ప్రతివాది అడగవచ్చు. అడగవలసిందే. పుండు ఒకవైపే చూపించి వైద్యం చేయించుకోవడం సబబు కాదు. పుట్టకురుపులు ఈ నియంత్రక కణాలనే తమ చుట్టూ పోగు చేసుకొని, వాటి చాటున పెరుగుతాయి. రక్షణకణాలకు సహజంగా వున్న కళ్ళేలను వదులుచేసి క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్సకు 2018లో అలిసన్, హొంజో నోబెల్ బహుమతి పొందారు. ఆ మందు తీసుకొన్నవారిలో కొందరికి పేగులమీదా, గ్రంథులమీదా స్వంత కణాలే దాడి చేస్తాయి. కళ్ళెం వదిలితే గుర్రం ఒక్క శత్రువువైపే పరుగెత్తదు.

మన దేశం బాగా ఎరిగిన కుష్ఠువ్యాధి ఇంకా మంచి సాక్షి. సూక్ష్మక్రిమి ఒకటే. కాని ఒక కొసన, శరీరం దాన్ని బొత్తిగా ఎదిరించక వూరుకుంటుంది, క్రిములు కోట్లుగా పెరుగుతాయి. రెండవ కొసన, శరీరం ఉగ్రంగా ఎదిరిస్తుంది, క్రిములు దాదాపు కనబడవు. కాని ఆ పోరులో నరాలు పాడై చేతులకు స్పర్శ పోతుంది. రోగులలో చాలామంది ఈ రెండు కొసల మధ్య వుంటారు. ఎదిరించనిచోట క్రిమి తింటుంది, అతిగా ఎదిరించినచోట ఎదిరింపే తింటుంది. క్రిమి సోకినవారిలో అత్యధికులకు అసలు జబ్బే రాదన్నది మరొక నిజం. అయినా శతాబ్దాలపాటు కుష్ఠురోగిని ఊరి వెలుపల వుంచినది క్రిమి కాదు, మనం. 1980 దశకంనుంచి మిశ్రమ మందులతో పూర్తిగా నయమవుతున్న ఈ జబ్బుకు మన భయం మాత్రం ఇంకా పూర్తిగా నయం కాలేదు.

ఇంకొక పాఠం రాకపోకలది. రక్షణకణాలు ఒకచోట కాపలా కాసేవి కావు. 1950 దశకం చివర ఆక్స్‌ఫర్డ్‌లో గోవన్స్ అవి రక్తంనుంచి శోషరసంలోకీ, తిరిగి రక్తంలోకీ ఎడతెగక తిరుగుతాయని చూపాడు. గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, ఆ బిళ్ళే వాటి మజిలీ. అక్కడ ఆగి, వార్త విని, అవసరమైనచోటికి పోతాయి. మెదడులోకి ఈ కణాలు పోయి నరాల తొడుగు చెరిచే వ్యాధికి, వాటిని వాకిట్లోనే ఆపే నాటలిజుమాబ్ అనే మందు 2004లో అమెరికాలో అనుమతి పొందింది. వ్యాధి తగ్గింది. కాని కొందరి మెదడులో, చాలామందిలో మామూలుగా అణిగివుండే ఒక వైరస్ విజృంభించి ప్రాణం తీసింది. 2005లో మందు ఆపారు. 2006లో కట్టుదిట్టమైన పర్యవేక్షణతో మళ్ళీ అనుమతించారు. వాకిలి బార్లా తెరిస్తే ఒక కీడు, బిగించి మూస్తే మరొక కీడు.

దూరం వుంచడమే క్షేమమన్న నమ్మకం ఎట్లా ఎదురుతిరుగుతుందో వేరుశనగ పలుకు చెప్పింది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా వున్న పిల్లలకు వేరుశనగ చూపించవద్దని ఇంగ్లండులోనూ అమెరికాలోనూ వైద్యులు చెబుతూ వచ్చారు. లండన్‌లో అటువంటి 640 మంది పసివాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు తొలి ఏడాదినుంచే వేరుశనగ కలిపిన ఆహారం పెట్టారు. రెండవ జట్టుకు పెట్టలేదు. 2015లో ఫలితం ప్రకటించారు. అయిదేళ్ళు వచ్చేసరికి తినని జట్టులో నూటికి 17 మందికి అలర్జీ వచ్చింది, తిన్న జట్టులో నూటికి ముగ్గురికి. పరిచయం లేనిచోట పగ పెరిగింది.

5

ఇంతకూ శరీరంనుంచి మనం నీతి నేర్చుకోవచ్చునా? ఇక్కడ నేను నా వాదాన్నే అనుమానించవలసి వుంది. శరీరం సహనాన్ని బోధిస్తున్నది కనుక సమాజమూ సహనంగా వుండాలంటే, నేను పైన ఖండించినవారి తర్కాన్నే తలకిందులు చేసి వాడుకొన్నవాణ్ణవుతాను. థైమస్ నూటికి 95 కణాలను చంపుతుంది. దాన్ని ఏ పాఠశాలకైనా, ఏ రాజ్యానికైనా ఆదర్శమనగలమా? కణానికి దుఃఖం లేదు, పేరు లేదు, దాని కోసం ఏడ్చేవాళ్ళు లేరు. మనిషికి వున్నారు. వున్నదానినుంచి వుండవలసినదాన్ని లాగడం కుదరదు. ప్రకృతి నీతి చెప్పదు. నీతి మన బాధ్యత. దాన్ని పురుషసూక్తానికి గాని, సూక్ష్మదర్శినికి గాని అప్పగించి మనం చేతులు దులుపుకోలేం.

అయితే ప్రకృతి నీతి చెప్పకపోయినా, నీతి పేరిట చెప్పే అబద్ధాలకు ఎదురు సాక్ష్యం చెప్పగలదు. శరీరం కోట అన్నారు, అది కోట కాదు. మన కణాల సంఖ్యకు దాదాపు సమానమైన సంఖ్యలో సూక్ష్మజీవులను ఇముడ్చుకొన్న సత్రం అది. స్వంతం పుట్టుకతో తేలిపోయినదన్నారు, అది నేర్చుకొన్నది. సహనం నీరసమన్నారు, అది లేనివాడు నెలల బిడ్డగానే మృత్యుముఖంలో పడుతున్నాడు. ఈ మూడు అబద్ధాలూ పోయినాక మిగిలిన ప్రశ్న మనది: ఏది సహించాలి, ఏది సహించరాదు? పొరుగువాడి ఉనికిని ఓర్చుకోవడం ఒకటి, పొరుగువాడిమీద జరిగే అన్యాయాన్ని ఓర్చుకోవడం ఇంకొకటి. మొదటిది తల్లి కడుపులోని సహనం. రెండవది పుట్టకురుపు చుట్టూ చేరిన సహనం. రెండింటికీ ఒకే పేరు వుండడమే మన చిక్కు. ఈ తేడా చెప్పడం ఏ కణంవల్లా కాదు, ఆలోచించే మనిషివల్లనే అవుతుంది.

అక్కయ్య ఇప్పుడు వారానికి ఒకరోజు మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకొంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో నడిపిన పరిశోధనలనుంచి వచ్చిన మందు అది. అప్పట్లో రక్తపు క్యాన్సర్ కోసం పుట్టింది. ఆయన 1948లో పోయిన 40 ఏళ్ళకు, 1988లో కీళ్ళవాతానికి కూడా అమెరికాలో అనుమతి పొందింది. ఆ మాత్ర స్వంత కణాలను చంపివేయడానికి కాదు, కొంత ఉగ్రం తగ్గించడానికి. ఉదయంపూట పిడికిలి ఇప్పుడు ముడుచుకొంటున్నది.

ఈ జబ్బులు వచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు. పాపమనే మాట పడేవారిలోనూ ఎక్కువమంది వాళ్ళే. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు నేను ఆమె ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పాను: "నీ ఒళ్ళు నిన్ను పరాయిదాన్ననుకోలేదక్కయ్యా. అందరి ఒంట్లోనూ వుండే కోపమే నీ ఒంట్లోనూ వుంది. దాన్ని పట్టుకొనే చెయ్యి కొంచెం అలిసిపోయింది. ఇందులో పాపమూ లేదు, పూర్వజన్మా లేదు." ఆమె కొంతసేపు తన చేతులవంక చూసుకొని, "అయితే ఆ అలిసిన చెయ్యికి సాయం చెయ్యడమేగా ఈ మాత్ర పని" అన్నది. వైద్యానికే గాదు, సంఘానికి కూడా ఇంతకంటె మంచి నిర్వచనం నాకు తోచలేదు. అయితే ఇదీ పోలికే. దీన్ని కూడా పరీక్షించకుండా నమ్మవద్దని పాఠకులకు మనవి చేస్తున్నాను.